సుశీలమ్మ ప్రేమ అరలో పెట్టిన సినిమాలు

చలి మొదలైతే హోసూరు బజారులో చిక్కుడుకాయల్లాంటి అనపకాయల కుప్పలు దిగుతాయి. ఆ కాయల వాసన పచ్చిగా, కాస్త నెయ్యి కలిపినట్టు ఉంటుంది. వొలిచిన వేళ్ళను సబ్బు పెట్టి రుద్దినా సాయంత్రం దాకా వదలదు. మొన్న ఆదివారం ఒక సంచీడు కాయలు తెచ్చి, గింజలు వొలిచి నానబెట్టి, పితికిపప్పు కోసం ఒక్కో గింజనూ బొటనవేలితో నొక్కుతూ కూర్చున్నాను. తొక్కలోంచి పప్పు చటుక్కున జారి గిన్నెలో పడుతుంటే నాలో నేనే నవ్వుకున్నాను. ఏం చేయను, ఆ వాసన తగిలితే నాకు సుశీలమ్మ గుర్తొస్తుంది, సుశీలమ్మ గుర్తొస్తే నవ్వు ఆగదు. నన్ను అంతగా నవ్వించినవాళ్ళు లేరు, అంతగా తిట్టినవాళ్ళూ లేరు. నేను ఈరోజు నాలాగా బతుకుతున్నానంటే అదీ ఆవిడ చలవే.

ఆవిడను చూడనివాళ్ళకు ముందు ఆవిడ కొట్టు గురించి చెప్పాలి. హోసూరు బస్టాండు వెనక సందులో, తొంభైల మొదట్లో, ఆవిడ భర్త వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే కొట్టు పెట్టాడు. కొన్నేళ్ళకే ఆయన పోయాడు. ఆడమనిషివి, సినిమా కొట్టులో కూర్చుంటే బాగుండదు, మూసెయ్యమని చుట్టాలందరూ అన్నారు. సుశీలమ్మ అత్తిముగం రైతుల ఇంటి ఆడపడుచు. చుట్టాలు వద్దన్న పని చేయడమంటే ఆవిడకు మహా ఇష్టం. మర్నాడే భర్త చేతిగడియారం తన మణికట్టుకు కట్టుకుని గల్లా దగ్గర కూర్చుంది. మూడు రాష్ట్రాలు కలిసే చోటు కదా, తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఒకే ఊపులో మాట్లాడేది. తను చూడని సినిమా ఒక్కటి కూడా అద్దెకిచ్చేది కాదు. వచ్చినవాళ్ళు కథేంటని అడుగుతారు కదా, చెప్పకుండా ఎట్లా ఇచ్చేదని ఆవిడ వాదన.

అరలు కూడా ఆవిడ లెక్కలోనే ఉండేవి. నవ్వుకునేవి ఒక అర, కొట్టుకునేవి ఒక అర, ప్రేమ ఒక అర, పిల్లలు పడుకున్నాక చూసేవి ఒక అర. ఎవరైనా వస్తే ముందు ఇంట్లో ఎవరెవరున్నారని అడిగి, ఆ తర్వాతే చెయ్యి అరలోకి పోయేది. ఆలస్యంగా తెచ్చిచ్చినవాళ్ళకు జరిమానా వేసేది కాదు. వాళ్ళు తీసుకుపోయే తర్వాతి సినిమా చివర ఏమవుతుందో గల్లా దగ్గరే చెప్పేసేది. హంతకుడు ఫలానా వాడు, హీరోయిన్ బతకదు, ఇక పోయిరా అని చెయ్యూపేది. ఆ శిక్షకు భయపడి ఊళ్ళో పెద్దపెద్ద ఆఫీసర్లు కూడా టైముకు తెచ్చిచ్చేవాళ్ళు. కడుపులో మాట దాచుకోలేని మనిషని ఆవిడకు సందంతా పేరు.

అలాంటి మనిషి ఇంట్లోనే, కొట్టు మీది గదిలో, నేను అద్దెకు దిగాను. మాది కృష్ణగిరి. నాయనకు మామిడికాయల మండీ ఉండేది. పది దాకా తెలుగు మీడియంలో చదివి, డిప్లొమా చేసి, హోసూరులో బండి విడిభాగాల ఫ్యాక్టరీలో తనిఖీ విభాగంలో చేరాను. ఉద్యోగం కోసం వచ్చానని అందరికీ చెప్పేవాణ్ణి. నిజానికి ఇంట్లో సంబంధాలు చూడడం మొదలుపెట్టారు, దాన్నుంచి తప్పించుకుని వచ్చాను. నా మనసు మగవాళ్ళ మీదికే పోతుందని నాకు చిన్నప్పుడే తెలుసు. కృష్ణగిరి నుంచి హోసూరు దాకా ఇలాంటివాణ్ణి నేనొక్కణ్ణే పుట్టానని గట్టిగా నమ్మేవాణ్ణి. ఎవరితోనూ కలిసేవాణ్ణి కాదు, చీటికిమాటికి కోపం తెచ్చుకునేవాణ్ణి. సుశీలమ్మ నాకు పెట్టిన పేరు ముల్లకంప.

అప్పటికి క్యాసెట్లు పోయి డిస్కులు వచ్చేశాయి. బెంగళూరులో ఒక సినిమాల అంగడి మూతపడుతుంటే సుశీలమ్మ పోయి అక్కడ మిగిలిన సరుకు ఒక అట్టపెట్టె నిండా తెచ్చింది. అన్నీ విదేశాల సినిమాలు. అట్టల మీద మంచు, సముద్రం, రైలు పట్టాలు ఉంటే, ఊర్లు చూపించే సినిమాలనుకుంది పాపం. తీరా వేసి చూస్తే తెలియని భాష, కింద ఇంగ్లీషు అక్షరాలు. ఆవిడకు ఇంగ్లీషు రాదు. చూడని సినిమా అరలో పెట్టదు. ఇంకేముంది, ముల్లకంపను పిలిచింది. ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగానికి దించి, చాప పరిచి, మా ఇద్దరి మధ్య అనపగింజల గిన్నె పెట్టి, కింద అక్షరాలు చదివి తెలుగులో చెప్పమంది. ఆవిడ పప్పు పితుకుతుంది, నేను పితుకుతూ కథ చెప్పాలి. అదీ ఏర్పాటు.

మొదటి సినిమా ఒక చలిదేశంలో పడవలు బాగుచేసే కుర్రాడి కథ. వాడికి తండ్రితో గొడవ, పోలీసుతో గొడవ, చివరికి అద్దంతో కూడా గొడవ. రొట్టెల అంగడిలో పనిచేసే ఇంకో కుర్రాడు వాడికి పరిచయమయ్యాడు. సినిమా సగానికి వచ్చేసరికి నాకు సంగతి అర్థమైంది. చేతిలో గింజ చేతిలోనే ఉండిపోయింది. లోకంలో ఎక్కడో, ఆ మంచులో, నాలాంటివాడు ఒకడున్నాడు. వాడి మీద ఎవరో ఖర్చు పెట్టి సినిమా తీశారు. సంతోషం కలిగింది, వెంటనే భయం పట్టుకుంది. తెర మీద ఆ రొట్టెలబ్బాయి నీకోసం ఊరు వదిలి వస్తానంటున్నాడు. నేను గొంతు సవరించుకుని, వాళ్ళిద్దరూ మంచి స్నేహితులమ్మా, పని వెతుక్కోవడానికి పట్నం పోదామనుకుంటున్నారు అని చెప్పాను. ఆవిడ సరేనంది. ఆవిడ బాధంతా వేరే. అంత పెద్ద రొట్టెల అంగడి పెట్టుకుని ఆ పిల్లోడికి ఒక్కరూ ఒక రొట్టె పెట్టరేమని సినిమా అంతా గొణుగుతూనే ఉంది.

మరుసటి ఆదివారం ఎండదేశంలో గుర్రాలు చూసుకునే కుర్రాడి కథ వచ్చింది. వాడూ అంతే, నిద్రపోడు, తిండి తినడు, కనిపించినవాడితో కొట్లాట. వాడికొక పాటగాడు దొరికాడు. ఈసారి వాళ్ళను మేనత్త మేనమామ బిడ్డల్ని చేశాను. ఎవరు మేనత్త, ఎవరు మేనమామ అని ఆవిడ అడిగింది. అప్పటికప్పుడు ఒక వంశవృక్షమే అల్లాను. చెమట పట్టింది. ఆవిడ నా వంక ఒకసారి, తెర వంక ఒకసారి చూసి ఊరుకుంది.

మూడో సినిమాలో దొరికిపోయాను. అందులో ఒకడు రైలు నడిపేవాడి కొడుకు, ఇంకొకడు ఇల్లు విడిచి వచ్చిన కుర్రాడు. వంతెన కింద ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకుని, ఉన్నట్టుండి ఒకడు ఇంకొకడి పెదాల మీద ముద్దు పెట్టాడు. సుశీలమ్మ చేతులు ఆగిపోయాయి. ఏమీ తోచక, ఆ దేశంలో పలకరింపులు అట్లాగే ఉంటాయమ్మా అన్నాను. ఆవిడ ఇంకో నాలుగు గింజలు పితికి, తెర మీదినుంచి కళ్ళు తిప్పకుండా నెమ్మదిగా అంది.

"అట్లనా. మరి పొద్దున పాలాయన వచ్చినప్పుడు వీడు అట్ల పలకరించలేదే."

నేను పగలబడి నవ్వాను. ఆపుకుందామన్నా ఆగలేదు. ఆవిడా నవ్వింది. గిన్నె పక్కకు దొర్లి పప్పంతా చాప మీద పడింది. అలా నవ్వుతూ నవ్వుతూ ఎప్పుడు ఏడుపులోకి దిగానో నాకే తెలియదు. సుశీలమ్మ టీవీ ఆపేసి, కొంగుతో చేతులు తుడుచుకుని నా ఎదురుగా తిరిగి కూర్చుంది.

"నేను ఇన్నేండ్లు సినిమాలు చూసినదాన్నప్పా. మాటలు తెలీకపోతే బొమ్మ తెలీదా? స్నేహితులు అట్ల చూసుకోరు. వాళ్ళ సంగతి నాకు మొదటి దినమే తెలిసిపోయింది. నువ్వెందుకు దాస్తాండావో అది తెలీలేదు. ఇప్పుడు నీ సంగతి చెప్పు."

చెప్పాను. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట నా నోటి నుంచి బయటికి రావడం అదే మొదలు. తెలుగులో దాన్ని ఎలా చెప్పాలో కూడా తెలియక, సగం సగం మాటలతో, చాప అంచు పీకుతూ చెప్పాను. ఆవిడ మధ్యలో అడ్డుపడలేదు. అంతా విని, ఈ సినిమాల్లో పిల్లోళ్ళందరికీ ఒకటే రోగం, ఎవరూ వాళ్ళను కూర్చోబెట్టి అన్నం పెట్టరు అని తీర్పు చెప్పి లోపలికి పోయింది. రాగిముద్ద, పితికిపప్పు పులుసు తెచ్చి ముందు పెట్టింది. ఏడుస్తూనే తిన్నాను. ఆ పులుసు రుచి ఇప్పటికీ చెప్పగలను, ఉప్పు కాస్త ఎక్కువైంది.

తర్వాత వారమంతా నాకు నిద్ర లేదు. ఊరందరికీ సినిమాల చివరలు చెప్పేసే మనిషి చేతిలో నా గుట్టు పెట్టాను కదా. సందులో ఎవరు నా వైపు చూసినా అయిపోయింది అనుకునేవాణ్ణి. కిరాణా కొట్టాయన ఎప్పటిలాగే విసుక్కున్నాడు. ఇస్త్రీ చేసే ఆవిడ ఎప్పటిలాగే చొక్కా గుండీ పోగొట్టింది. ఎక్కడా ఏమీ మారలేదు. సుశీలమ్మ ఎవరికీ చెప్పలేదు, బతికున్నన్నాళ్ళూ నేను సరేననకుండా ఎవరి దగ్గరా నోరు మెదపలేదు.

ఇక ఆ సినిమాలను ఏ అరలో పెట్టాలన్న మాట వచ్చింది. గల్లా కింద దాచేయమన్నాను. ఎందుకూ అంది. జనం ఏమనుకుంటారో అన్నాను. అప్పుడు నా మీద లేచింది చూడండి, ఆవిడ కోపం అంతకుముందు అంత దగ్గర్నుంచి చూడలేదు. ఇద్దరు ఒకరికోసం ఒకరు ఏడుస్తున్నారు, ఒకరికోసం ఒకరు ఊరొదిలి పోతున్నారు, దీన్ని ప్రేమ అరలో కాక కొట్టుకునే అరలో పెట్టేదా అని అడిగింది. నా కళ్ళెదుటే వాటిని తీసుకుపోయి ప్రేమ అరలో, మామూలు ప్రేమ సినిమాల మధ్య ఇరికించింది. కొన్నాళ్ళు ఆ అర వైపు చూడకుండా తలొంచుకుని పోయేవాణ్ణి.

వాటిని మొదట తీసుకుపోయినవాడు కెలమంగలం నుంచి వచ్చే మునెప్ప. పట్టుపురుగులు పెంచే రైతు, ప్రేమ సినిమాలంటే ప్రాణం. సుశీలమ్మ ఆయనకు కథ ఉన్నదున్నట్టు చెప్పింది. ఇద్దరు మగపిల్లోళ్ళు, ఒకరినొకరు ఇష్టపడతారు, కష్టాలు పడతారు అని. ఆయన కాసేపు తల గోక్కుని తీసుకుపోయాడు. తిరిగిచ్చే రోజు నేను కావాలనే మెట్ల మీద కూర్చున్నాను. గొడవైతే సుశీలమ్మకు అండగా నిలబడదామనుకున్నానో, పారిపోదామనుకున్నానో ఇప్పుడు చెప్పలేను. మునెప్ప వచ్చి డిస్కు గల్లా మీద పెట్టి, కథ బాగుంది గానీ ఆ పడవల పిల్లోడు మరీ అలుగుతాడమ్మా, మా వియ్యంకుడి మాదిరి అన్నాడు. అంతే. ఇంకోటి ఇమ్మని అడిగి తీసుకుని పోయాడు. ఆకాశం ఊడిపడలేదు. నేను మెట్ల మీద కూర్చుని మళ్ళీ పిచ్చివాడిలా నవ్వుకున్నాను.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. కృష్ణగిరి నుంచి నాయన ఫోను చేశాడు. సంబంధం కుదిరింది, పిల్ల బుద్ధిమంతురాలు, టీచరు ట్రైనింగు చేసింది, వచ్చే వారం తాంబూలాలు మార్చుకోవాలి, సెలవు పెట్టుకుని రా అని చెప్పి పెట్టేశాడు. నన్ను అడగనే లేదు. నేను కిందికి దిగి సుశీలమ్మతో, అందరిలాగే చేసుకుంటే పోతుందేమో, కొన్నాళ్ళకు అలవాటవుతుందేమో అన్నాను. ఆవిడ డిస్కులు తుడుస్తున్న గుడ్డ పక్కన పెట్టింది.

"నీకు అలవాటైతాదో లేదో నాకు తెలీదు. ఆ పిల్ల ఏం చేసిందప్పా నీకు? మొగుడు నా వైపు చూడడేమని ఆ పిల్ల యాడ కూర్చుని ఏడవాల?"

ఆ మాటతో అలవాటు సంగతి అక్కడే వదిలేశాను. మీరే వచ్చి మా నాయనతో చెప్పండమ్మా అని బతిమాలాను. మూడు భాషల్లో ఎవరినైనా ఒప్పించగల మనిషి కదా. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఎవరెవరి కథలో నాకు తెలుగులో చెప్పినావు, నీది నువ్వే చెప్పుకో, నేను వచ్చి పక్కన కూర్చుంటాను అంది. ఎంత బతిమాలినా అదే మాట.

మర్నాడు కొట్టుకు తాళం వేసి, ముదురు ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, నాతో కృష్ణగిరి బస్సెక్కింది. శూలగిరి దాటేదాకా నా మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆవిడ మాత్రం పెళ్ళివారి బండిలో పోతున్నట్టు కిటికీ పక్కన కూర్చుని, టమోటా తోటలు చూపిస్తూ, కండక్టరుతో తమిళంలో పరాచికాలాడుతూ వచ్చింది. నువ్వు ఇట్ల మొహం పెట్టుకుంటే మీ ఇంట్లోవాళ్ళు ఎవరో పోయినారనుకుంటారు, కొంచెం నవ్వప్పా అని మోచేత్తో పొడిచింది.

ఇంట్లో నాయన మంచం మీద, అమ్మ వంటింటి గడప దగ్గర. సుశీలమ్మ నా పక్కన చాప మీద కూర్చుంది. ఎదురుగా చూసి చెప్పడానికి ఏమీ లేదు, తెర లేదు, కింద అక్షరాలు లేవు. నాయనా, నాకు ఈ పెండ్లి వద్దు, ఈ పిల్లే కాదు, ఏ పిల్లా వద్దు, నా మనసు మగవాళ్ళ మీదికి పోతుంది, ముందునుంచీ అంతే అని చెప్పాను. ఈసారి మాట మార్చలేదు. నాయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండునని అనిపించింది. లేచి చెప్పులేసుకుని మండీకి వెళ్ళిపోయాడు. అమ్మ నన్ను కాదు, సుశీలమ్మను అడిగింది. సినిమాల కొట్టు ఆవిడని తెలుసు కదా.

"ఇట్లాంటి పిల్లోళ్ళ సినిమాలు ఉంటాయామ్మా?"

"ఉండాయమ్మా. శానా చూసినాము మేమిద్దరూ."

"వాటిల్లో చివర ఏమైతాది?"

ఆ సినిమాల చివరలు నాకు తెలుసు. ఒకడు సముద్రంలో దూకుతాడు, ఒకణ్ణి కొట్టి చంపుతారు, ఒకడు ఎటుపోయాడో తెలియకుండా పోతాడు. ఊరందరికీ నిజం మొహాన చెప్పేసే సుశీలమ్మ ఇప్పుడు అబద్ధం చెబుతుందా? ఆవిడ అమ్మ దగ్గరికి జరిగి కూర్చుంది.

"చివర బాగుండదమ్మా. నేను చూసినవాటిల్లో ఒక్కటీ బాగా అయిపోలేదు. అయితే ఒకటి. ఆ సినిమాల్లో ఏ అమ్మా ఇట్ల కూర్చుని, నా బిడ్డ ఏమైపోతాడని అడగలేదు. అడిగింటే ఆ కథలు యాడికి పోయిండునో నాకు తెలీదు."

అమ్మ ఏడ్చింది. సుశీలమ్మ ఆపలేదు. ఏడ్చి ఏడ్చి అమ్మ లేచి, పిల్ల ఇంటివాళ్ళకు వేరేవాళ్ళ నోట మాట పోకముందే మీ నాయనను వాళ్ళ దగ్గరికి పంపించాల అని చెప్పి, నా తల మీద చెయ్యి ఒకసారి ఆనించి, చెప్పులు కూడా వేసుకోకుండా మండీ వైపు నడిచింది. నాయన ఆ సాయంత్రమే పిల్ల ఇంటికి పోయి, మీ పిల్లలో ఏ లోపమూ లేదు, మావాడికే పెండ్లి వద్దంట అని చేతులు జోడించి వచ్చాడట. ఆ పిల్లకు తర్వాత మంచి సంబంధం కుదిరింది. నాయన నాతో ఒక ఏడాదికి పైగా మాట్లాడలేదు. ఆ తర్వాత ఒక వేసవిలో మామిడిపళ్ళ బుట్టతో హోసూరు కొట్టు ముందు దిగాడు. నేను అందుకోబోతే, ఇవి నీకు కాదు, ఆయమ్మకు అన్నాడు. నాతో అన్న మొదటి మాట అదే. సుశీలమ్మ ఆ మాట పట్టుకుని నన్ను చాన్నాళ్ళు ఏడిపించింది.

బాలు నాకు పరిచయమయింది ఆ రోజుల్లోనే. కుప్పం అబ్బాయి, లేత్ మెషీన్ షాపులో పని. భయపడుతూ సుశీలమ్మ దగ్గరికి తీసుకుపోతే, అరగంట కూర్చోబెట్టి పరీక్ష పెట్టి, వీడు అలిగే రకం కాదు, విడిచిపెట్టొద్దు అని నాకు చెప్పింది. విడిచిపెట్టలేదు. డిస్కులు కూడా పోయి అందరూ సినిమాలు కంప్యూటర్లోనే చూసుకోవడం మొదలయ్యాక ఆవిడ కొట్టు మూసి, అత్తిముగంలో తమ్ముడి ఇంటికి చేరింది. మేమిద్దరం పండక్కీ పబ్బానికీ పోయేవాళ్ళం. ఆవిడ పోయినప్పుడు పాడె పట్టినవాళ్ళలో మేమిద్దరం ఉన్నాం.

ఆవిడ నాకు సలహాలు ఇచ్చి వెళ్ళలేదు. పక్కన కూర్చోవడం నేర్పి వెళ్ళింది. ఆ పని నేను ఇప్పటికీ చేస్తుంటాను. మా ఫ్యాక్టరీలో వేణు అనే కుర్రాడున్నాడు, ఊరు జూజువాడి. మెషీన్లతో, మనుషులతో, అందరితోనూ గొడవే. వాణ్ణి చూసిన మొదటి రోజే నాకు తెలిసిపోయింది. చాన్నాళ్ళకు వాడే వచ్చి చెప్పుకుని, మా ఇంట్లో మీరు మాట్లాడండన్నా అన్నాడు. నేను మాట్లాడను, నువ్వు చెప్పు, నేను పక్కనుంటాను అన్నాను. మొన్న ఎండాకాలంలో వాళ్ళింటికి వెళ్ళాం. వాళ్ళమ్మకు చెక్‌పోస్టు దగ్గర లారీలవాళ్ళకు టీ కాచే అంగడి ఉంది, వెనకే ఇల్లు. వేణు చెప్పాడు. తడబడ్డాడు, ఆగాడు, మళ్ళీ చెప్పాడు. నేను నోరు విప్పలేదు. వాళ్ళమ్మ అంతా విని నా వైపు తిరిగింది.

"నువ్వూ ఇట్లనే అంటాడు మావాడు. నీకెవరన్నా ఉండారాప్పా, లేకుంటే ఒంటిగా ఉండావా?"

"ఉండాడమ్మా. పేరు బాలు. బయట బండి దగ్గర నిలబడి ఉండాడు."

"ఈ ఎండలోనా" అని ఆవిడ గబుక్కున లేచింది. "ఇంతసేపు మనిషిని బయట నిలబెట్టి ఈడ కూర్చుంటివా? నువ్వేం మనిషివప్పా."

చెంగు నెత్తిన వేసుకుని, నన్ను తిట్టుకుంటూ బయటికి పోయి, బాలును చెయ్యి పట్టుకుని తనే లోపలికి పిలుచుకొచ్చింది. వేణు పక్కకు జరిగి బాలుకు చోటిచ్చాడు.